నలభైరెండవ రోజు
(దీక్షాకాలంలో మద్యవిసర్జన - ఒక శాస్త్రీయ విమర్శ)

శివరాత్రి దగ్గరపడుతున్నకొద్దీ నల్లమల దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఆత్మకూరు వైపునుండి వచ్చేవారు వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దాటి, కైలాసద్వారం మెట్లెక్కి శ్రీశైలం చేరుకుంటారు. వీరిలో శివదీక్ష వహించినవారు అనేకులు. మండలదీక్ష అంటే 41 రోజులు. అర్ధమండలమని 21 రోజులు పాటించేవారూ ఉన్నారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక, శాకాహారం, బ్రహ్మచర్యం, మద్యవిసర్జన - ఇవీ నియమాలు.

ఈ నియమాలలో చివరిదాన్ని గురించే యిక్కడ మనం విచారించబోతున్నాము. దీక్ష పూనినవారిలో, అంతకుముందు ప్రతి సాయంత్రం విస్కీ సీసా ముందు కూర్చునే అలవాటున్నవారు కొందరుంటారు. వారు 41 రోజులూ చుక్క ముట్టరు. శ్రీశైలంలో ముడి సమర్పించి, మాల తీసి, యింటికి వస్తారు. నలభైరెండవ రోజున ఏం జరుగుతుంది? చాలామంది విషయంలో పాత సీసా, పాత స్నేహితులు, పాత లెక్క. అడిగితే మూడు సమాధానాలు వినవస్తాయి. "మేము తాగేది మంచి విస్కీ, నాటుసారా కాదు" అనేది మొదటిది. "నలభైరోజులు మానాము, లివరు కడిగినట్లయింది" అనేది రెండవది. "మానదలచుకుంటే మానగలమని రుజువు చేశాము, కనుక మేము బానిసలం కాము" అనేది మూడవది. విశ్వాసాన్ని గురించి మనకు వాదం లేదు. కాని ఈ మూడు మాటలూ శరీరాన్ని గురించి చెప్పినవి. కనుక వీటిని శరీరశాస్త్రం ముందు నిలబెట్టి పరీక్షించవలసిందే.

మొదటి మాట తీసుకుందాము. విస్కీలో రుచిభేదాలు లేవని ఎవరూ అనరు. మొలకెత్తించిన బార్లీని పులియబెట్టి, రాగి బట్టీలలో బట్టిపట్టి, ఓకు కర్రతో చేసిన పీపాలలో ఏళ్ళతరబడి నిలవచేస్తే, కర్రనుండి వెనిలిన్ వంటి సుగంధద్రవ్యాలు ద్రవంలోకి దిగుతాయి. స్కాట్లండులో కనీసం మూడేండ్లు పీపాలో ఉండనిదే దాన్ని విస్కీ అనటానికి చట్టం ఒప్పుకోదు. మన దేశంలో చౌకగా దొరికే విస్కీలలో చాలా భాగం చెరకు మడ్డినుండి తీసిన ఆల్కహాలుతో తయారైనవి. ఈ తేడాలన్నీ ముక్కుకూ నాలుకకూ తెలిసే తేడాలు. కాలేయానికి వచ్చేసరికి అన్నిటిలోనూ ఉన్న ముఖ్యపదార్థం ఒక్కటే: ఇథైలు ఆల్కహాలు.

నాటుసారా ఎక్కువ ప్రమాదకరమన్నది నిజమే. కల్తీ సారాలో మిథైలు ఆల్కహాలు కలిస్తే, అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటిచూపునూ ప్రాణాన్నీ తీయగలదు. అయితే మిథైలు ఆల్కహాలు లేదన్నంతమాత్రాన ఇథైలు ఆల్కహాలు అమృతం కాజాలదు. మద్యపానీయాలు క్యాన్సరు కారకాలని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఆ జాబితాలో విస్కీకి మినహాయింపు లేదు. ఇంత తాగితే హాని లేదని చెప్పగల మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాము. విద్యార్థులు కాగితం తీసుకోవచ్చు. మన దేశపు విస్కీ సీసాపై ఆల్కహాలు 42.8 శాతమని సాధారణంగా వ్రాసి ఉంటుంది. ఇది ఘనపరిమాణాన్నిబట్టి చెప్పిన శాతం. పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు 25.7 మిల్లీలీటర్లు. ఆల్కహాలు సాంద్రత 0.789 కనుక, దీని బరువు సుమారు 20 గ్రాములు. సాధారణంగా మనిషి కాలేయం గంటకు 7 మొదలు 10 గ్రాములదాకా ఆల్కహాలును మార్చగలదు. అనగా ఒక పెద్ద పెగ్గుకు రెండు గంటలకు తక్కువ కాకుండా పని. మూడు పెగ్గులు, అంటే ఒక క్వార్టరు, తాగినవానికి 61 గ్రాములు. రాత్రి పదిగంటలకు గ్లాసు దించినా, తెల్లవారేదాకా కాలేయానికి తీరిక ఉండదు. విస్కీ తగ్గించి బీరుకు మారామని సంతోషించేవారు ఇంకొక లెక్క కూడా చూడాలి. 8 శాతం గల 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరు సీసాలో 41 గ్రాముల ఆల్కహాలు ఉన్నది. అది రెండు పెద్ద పెగ్గులతో సమానం.

ఇక రెండవ మాట: లివరు కడిగినట్లయిందనటం. దీనిలో సగం నిజమున్నది. ఆ సగం చిన్నదేమీ కాదు. ఆల్కహాలును కాలేయంలోని ఎంజైములు మొదట ఎసిటాల్డిహైడుగాను, తరువాత ఎసిటేటుగాను మారుస్తాయి. ఈ పని జరుగుతున్నంతసేపు కాలేయం కొవ్వును దహించే పనిని వెనకకు నెడుతుంది. ఆ కొవ్వు కాలేయ కణాలలోనే పేరుకుంటుంది. దీనికి నొప్పి ఉండదు, అందుకే మనిషికి తెలియదు. తాగటం మానితే కొద్ది వారాలలోనే ఈ కొవ్వు చాలావరకు కరిగిపోతుంది. రక్తపరీక్షలో జి.జి.టి. అనే ఎంజైము తాగేవారిలో హెచ్చుగా కనిపిస్తుంది. మానిన తరువాత అది కూడా కొద్ది వారాలలో దిగివస్తుంది. లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి పరిశోధకులు 2018లో ప్రచురించిన పరిశీలనలో 94 మంది నెలరోజులు మద్యం మానారు, 47 మంది మానలేదు. మానినవారిలో రక్తపుపోటు తగ్గింది, బరువు కొంచెం తగ్గింది, ఇన్సులిన్‌కు శరీరం లొంగని స్థితి నాలుగోవంతు దాకా తగ్గింది. కనుక దీక్ష చేసినవారు "ఒళ్ళు తేలికైంది, నిద్ర బాగా పట్టింది" అంటే అది కేవలం భ్రమ కాదు.

అయితే నిజం కాని సగమూ ఉన్నది. కొవ్వు పేరుకున్న కాలేయం కోలుకుంటుంది గాని, మచ్చలుపడి గట్టిపడిన కాలేయం, అనగా సిరోసిస్ దశ, 41 రోజులలో పూర్వస్థితికి రాదు. ఆ దశలో మానటం వల్ల వ్యాధి ముదరకుండా ఆగవచ్చు. ఆయుర్దాయం పెరగవచ్చు. కడిగి ఆరబెట్టిన పాత్ర మాత్రం కాదు. పైగా కడగటమనే ఉపమానంలోనే ఒక మోసమున్నది. కడిగిన పాత్రను మళ్ళీ వాడుకోవటానికే గదా కడుగుతాము!

రోజుకు మూడు పెగ్గుల మనిషి ఏడాదికి 22 కిలోలకు పైగా ఆల్కహాలు తాగుతాడు. 41 రోజుల దీక్షవల్ల అందులో రెండున్నర కిలోలు తగ్గుతుంది. అనగా తొమ్మిదోవంతు. మిగిలిన 324 రోజులూ పాతలెక్కన తాగితే 19.7 కిలోలు లోపలికి పోతుంది. అదే మనిషి దీక్షానంతరం రోజుకు ఒక్క పెగ్గుతో ఆగితే, ఏడాది మొత్తం 6.6 కిలోలవుతుంది. ఒక పెగ్గు క్షేమకరమని దీని అర్థం కాదు. దీక్ష ఫలం 41 రోజులలో కంటే 324 రోజులలోనే ఎక్కువగా ఉన్నదని మాత్రమే ఈ లెక్క చెబుతున్నది.

మూడవ మాట అన్నిటికంటె బలమైనదిగా కనిపిస్తుంది: మానగలిగినవాడు బానిస ఎట్లా అవుతాడు? దీనికి సమాధానం చెప్పాలంటే, దీక్ష మనిషికి ఏమేమి సమకూరుస్తున్నదో చూడాలి. మొదటిది, గడువు ముందుగానే తెలిసి ఉంటుంది. రెండవది, వేషం మారుతుంది, దానితో చుట్టుపక్కలవారి చూపు మారుతుంది. నిన్నటిదాకా "ఏరా" అన్న స్నేహితుడు నేడు "స్వామీ" అంటాడు, గ్లాసు చేతికివ్వడు. మూడవది, సాయంత్రాలు పూజలోను భజనలోను గడుస్తాయి. నాలుగవది, అదే నియమంలో ఉన్న తోడు దొరుకుతుంది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు మీరు చదివే ఉంటారు. ఆహారంతోపాటు ఒక శబ్దం పదేపదే వినిపిస్తే, తరువాత శబ్దం విన్నంతనే కుక్క నోట నీరూరుతుంది. తాగేవానికి సాయంత్రపు వేళ, ఫలానా వరండా, వేయించిన పల్లీల వాసన, ఐసుముక్కల చప్పుడు - ఇవన్నీ అటువంటి శబ్దాలే. దీక్ష ఈ శబ్దాలన్నిటినీ ఒక్కసారిగా ఆపివేస్తుంది. ఇది గొప్ప ఏర్పాటు. వ్యసన చికిత్సకులు కూడా ఇటువంటి ఏర్పాట్లనే సలహా యిస్తారు.

అయితే ఏర్పాటు వల్ల కలిగిన ఫలితాన్ని తన ఒక్కని మనోబలంగా లెక్కకట్టటంలోనే పొరపాటున్నది. మాల తీసిన క్షణంలో గడువు, వేషం, పిలుపు, తోడు అన్నీ తొలగిపోతాయి. శబ్దాలన్నీ తిరిగి మొదలవుతాయి. నిజమైన పరీక్ష అప్పుడే ఆరంభమవుతుంది. మరొక ప్రమాదం కూడా ఉన్నది. మానిన రోజులలో మెదడుకు మద్యాన్ని ఓర్చుకునే అలవాటు తగ్గుతుంది. అంతకుముందు మూడు పెగ్గులకు తూలని మనిషి, ఇప్పుడు అదే మూడింటికి తూలుతాడు. ఆ రాత్రి మోటారు సైకిలెక్కితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

తనకు అలవాటెంత గట్టిపడిందో తెలియకుండా దీక్ష పూనేవారిని మరి ముఖ్యంగా హెచ్చరించాలి. ఏండ్లతరబడి రోజూ విపరీతంగా తాగేవాని మెదడు, ఆల్కహాలు కలిగించే మత్తును ఎదుర్కొనటానికి తన ఉత్తేజాన్ని పెంచుకుని ఉంటుంది. ఆల్కహాలు హఠాత్తుగా ఆగితే ఆ ఉత్తేజానికి పగ్గం ఉండదు. కొద్ది గంటలలో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. మొదటి రెండు రోజులలో ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి, వినిపించి, మనిషి తానెక్కడున్నదీ మరచిపోవచ్చు. దీనిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం లేకపోతే ప్రాణాపాయం. దీనిని చూసి "దయ్యం పట్టింది" అనీ, "నియమభంగమైంది" అనీ కాలహరణం చేయటం ఎంతమాత్రం తగదు. 2020 మార్చిలో లాక్‌డౌను వల్ల దుకాణాలు మూతపడినప్పుడు, ఇటువంటి లక్షణాలతో హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగుల తాకిడి పెరిగింది. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగాని నిలవనివారు మాల వేసుకోవటానికి ముందే వైద్యుని చూడాలి. నిద్రమత్తు మందులతోను, థయమిన్ అనే బి-1 విటమినుతోను, వైద్యుని పర్యవేక్షణలో క్షేమంగా మాన్పించవచ్చు.

చట్టంతో మాన్పించిన అనుభవం కూడా ఈ ప్రాంతానికి కొత్తకాదు. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం ఆరంభించి, 1938లో కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరించింది. కర్నూలు రాజధానిగా ఉండగా, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఈ మద్యనిషేధ వివాదంమీదనే పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. చట్టం దుకాణాన్ని మూయగలదు, మనిషి సాయంత్రాన్ని మార్చలేదు. దీక్ష సాయంత్రాన్ని మార్చగలదు, కాని 41 రోజులకే. రెండిటికీ లోపించినది తరువాతి ఏర్పాటు.

ఈ తరువాతి ఏర్పాటును గురించి ఇంగ్లండు అనుభవం కొంత ఆశ కలిగిస్తున్నది. అక్కడ 2013 మొదలు జనవరి నెలంతా మద్యం మానే ఉద్యమం నడుస్తున్నది. సస్సెక్సు విశ్వవిద్యాలయ పరిశోధకులు అందులో పాల్గొన్నవారిని ఆగస్టు నెలలో మళ్ళీ ప్రశ్నించగా, వారానికి సగటున 4.3 రోజులు తాగేవారు 3.3 రోజులకు దిగినట్లు 2018లో తేలింది. తమంతట తాము ముందుకు వచ్చినవారి లెక్క యిది. అందరికీ వర్తించదు. అయినా కొద్దికాలపు విరామం శాశ్వతమైన మార్పుకు తోడ్పడవచ్చునని మాత్రం తెలుస్తున్నది.

మన దీక్షాపరులు కూడా మూడు పనులు చేయవచ్చు. దీక్షకు ముందూ, చివరా బరువు, రక్తపుపోటు, కాలేయ రక్తపరీక్ష చూపించుకుని కాగితంమీద వ్రాసి పెట్టుకోవాలి. మాల తీసేముందే నలభైరెండవ రోజు సాయంత్రం ఎక్కడ, ఎవరితో గడపాలో నిర్ణయించుకోవాలి. దీక్షలో తోడున్న నలుగురూ దీక్ష తరువాత కూడా వారానికొకసారి కలవాలి. మానటం చేతకాదనిపిస్తే 14446 అనే జాతీయ సహాయ నంబరుకు ఫోను చేయటం సిగ్గుపడవలసిన పని కాదు.

ఉపాధ్యాయులు పై లెక్కలను తరగతిలో చేయించవచ్చు. అయితే ఏ విద్యార్థినీ తన యింటి సంగతి చెప్పమని అడగకూడదు. లెక్క చాలు. తన తండ్రి మాల తీసి వచ్చిన రోజు ఎంత ముఖ్యమైనదో ఆ పిల్లవానికి ఆ లెక్కే తెలియజేస్తుంది.

ప్రయోగశాలలో 41 రోజులు శ్రమించి ఒక ప్రయోగం చేసినవాడు, ఫలితం చేతికి వచ్చిన రోజున కాగితాలు చించి పారవేయడు. దీక్ష చేసినవాడు తన దేహంమీద తానే అటువంటి ప్రయోగం చేశాడు. నిద్ర పట్టింది, పోటు తగ్గింది, డబ్బు మిగిలింది, యింట్లో కేకలు తగ్గాయి - ఇవి దాని ఫలితాలు. వాటిని చదువుకుని, వాటి ప్రకారం నడచుకున్నప్పుడే ఆ 41 రోజుల శ్రమ సార్థకమవుతుంది.