మూడు మాత్రల నాటు

విజయవాడ ఆటోనగర్‌లో ఏ టింకరింగ్ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా ఒక నడక చెవిన పడుతుంది. సొట్టపడ్డ రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి మేస్త్రీ సుత్తి వేస్తుంటాడు. ఒకటి గట్టిగా, వెంటనే రెండు తేలిగ్గా. మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. తకిట, తకిట. అక్కడ టీ తాగుతూ విన్న ఆ దెబ్బల్లోనే నాకు ‘నాటు నాటు’ పాట పనితనం పట్టుబడింది.

ఆ బాణీ కట్టేనాటికి ఎం.ఎం. కీరవాణి మూడు దశాబ్దాలుగా సంగీతం చేస్తున్నారు. 1990లో ‘మనసు మమత’తో తెరకెక్కిన పేరు ఆయనది. 1997 నాటి ‘అన్నమయ్య’కు జాతీయ పురస్కారం అందుకున్నారు. శాస్త్రీయం, పాశ్చాత్యం రెండూ చేతిలో ఉన్న ఆ మనిషి ఇక్కడ ఎంచుకున్నది జాతరలో డప్పు మోగే తిశ్ర నడక. పాశ్చాత్యుల లెక్కలో సిక్స్ బై ఎయిట్.

అసలు కిటుకు ఆ రెండక్షరాల మాటలో ఉంది. ‘నా’ గురువు, ‘టు’ లఘువు. రెండూ ఒకటీ మూడు మాత్రలు. అంటే తిశ్రంలో సరిగ్గా ఒక తకిట. ఛందస్సులో దీన్ని హగణం అంటాం, సూర్యగణాల్లో ఒకటి. ఆటవెలది రెండో పాదం, నాలుగో పాదం ఐదేసి సూర్యగణాలే కదా! వేమన పద్యాలతో ఆ కొలత చిన్నప్పుడే మన నాలుకకు అలవాటైంది. అందుకే ఆ మాట పలికితే చాలు, తాళం దానంతటదే పడుతుంది. పైగా ఆ ‘ట’కారం! డప్పు మీద సిర్ర తగిలినట్టే ఉంటుంది. అర్థానికి అర్థం, దెబ్బకు దెబ్బ. ఇంత పొదుపైన పల్లవి మాట ఈమధ్య నేను వినలేదు.

చంద్రబోస్ సాహిత్యంలో నూటికి తొంభై వంతులు ఒక్క పూటలో వచ్చేశాయట. మిగిలిన పది వంతులకు పంతొమ్మిది నెలలు పట్టిందని ఆయనే చెప్పారు. ఆటోనగర్ మేస్త్రీలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. పెద్ద సొట్ట తొందరగానే లేస్తుంది, చేత్తో తడిమితే తప్ప తెలియని చిన్న మిట్ట దగ్గరే రోజు గడిచిపోతుంది. ఎద్దు, జాతర, రొట్టె, మిరప లాంటి ఊరి వస్తువులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అదే కొలతలో కూర్చున్నాయంటే ఆ నెలల చలవే.

‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా కథలో ఈ పాట ఒక అవమానానికి జవాబు. తెల్లదొరల విందులో మొదలై, వేగం పెరిగి, పోటీగా మారుతుంది. చివరికి ఇద్దరు కథానాయకుల్లో రామ్ కావాలనే పడిపోయి భీమ్‌ను గెలిపిస్తాడు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు, ప్రేమ్ రక్షిత్ అడుగులు ఆ వేగాన్ని ఎక్కడా జారనివ్వలేదు. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. ఒక భారతీయ సినిమా పాటకు ఆ రెండూ దక్కడం అదే మొదలు.

ఈసారి ఈ పాట వినిపిస్తే తెరను కాసేపు మరిచిపోండి. కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ, ‘నాటు’ అన్న ప్రతిసారీ మూడు లెక్కపెట్టండి.