నూనె తగిలితేనే వెలిగే రంగు

లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం దగ్గర కాసేపు నిలబడండి. వచ్చినవాళ్లు వచ్చినట్టు కండువానో, చేతిరుమాలునో స్తంభం కిందికి తోసి అవతలి నుంచి లాగుతుంటారు. సందు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా గుడ్డ ఇటునుంచి అటు దాటాకే మనసు కుదుటపడుతుంది. చూసినదాన్ని చేత్తో సరిచూసుకునే ఆ బుద్ధి నాకెంతో ఇష్టం. ఈస్ట్ కణంలో ఎంత కొవ్వుందో రంగు పట్టించి కొలిచే విద్యను తెలుసుకున్నప్పుడు అదే బుద్ధి అందులోనూ కనిపించింది.

నూనె లెక్క ఈ సీమకు కొత్త కాదు. ఇక్కడి ఎర్రనేలల్లో వానను నమ్ముకుని వేసే పంట శెనక్కాయ. దాని గింజలో దాదాపు సగం నూనే. గింజను కాగితం మీద నలిపితే పడే మరకను బట్టి నూనె ఉందని బడిపిల్లలు కూడా చెప్పేస్తారు. నూనెల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి అనంతపురంలోనే, జేఎన్‌టీయూలో ఉంది. అయితే శెనక్కాయ వేళ్లకు చిక్కుతుంది. ఈస్ట్ కణం మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. దాన్ని నలిపేదెలా?

ముందు ఆ కణానికి కొవ్వెందుకో చెప్పాలి. చక్కెర దండిగా ఉండి నత్రజనికి కరువొచ్చినప్పుడు ఈస్ట్ కొత్త కణాలను కట్టలేదు. మిగిలిన చక్కెరను కొవ్వుగా మార్చి బొట్లు బొట్లుగా లోపల దాచుకుంటుంది. కరువెరిగిన రైతు పాతరలో గింజలు దాచినట్టే. పొడి బరువులో 20 శాతానికి మించి కొవ్వు కూడబెట్టే రకాలను నూనె ఈస్ట్‌లంటారు. లిపోమైసిస్ స్టార్కీ, యారోవియా లిపోలిటికా అలాంటివే. పంట వ్యర్థాల నుంచి తీసిన చక్కెరలు మేపి వీటిచేత నూనె చేయించవచ్చన్న ఆశతో ఎన్నో రకాలను పెంచి చూస్తున్నారు. ఏది ఎంత దాచిందో తేల్చడమే అసలు పని.

పాత దారి తూకం. కణాలను పగలగొట్టి, క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమంతో కొవ్వును లాగి, ద్రావకాన్ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని తూస్తారు. 1957లో ఫోల్చ్ బృందం, 1959లో బ్లై, డయర్ స్థిరపరచిన పద్ధతులివి. నమ్మదగినవే. కానీ కణాలు చాలా కావాలి, ఓపిక అంతకన్నా ఎక్కువ కావాలి.

నైల్ రెడ్ రంగు వచ్చి ఈ శ్రమను నిమిషాల్లోకి దించింది. నైల్ బ్లూ అనే అద్దకపు రంగును పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగిస్తే ఇది పుడుతుంది. కణాల్లోని కొవ్వు బొట్లను ఇది ఎంచి చూపిస్తుందని 1985లో గ్రీన్‌స్పాన్, మేయర్, ఫౌలర్ ప్రకటించారు. దీని గుణం చూడండి: నీళ్లలో దాదాపు వెలగదు. కొవ్వులోకి చేరిందా, దీపం ముట్టించినట్టే. నీలి కాంతి పడితే నిల్వ కొవ్వు బంగారు పసుపులో మెరుస్తుంది. ఆకుపచ్చ కాంతిలో చూస్తే కణపు పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లు కూడా ఎర్రగా వెలుగుతాయి. బాడిపీ 493/503 అనే మరో రంగు నిల్వ కొవ్వునే ఎక్కువగా పట్టుకుని ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ అంకెలు అది పీల్చుకునే, వెదజల్లే కాంతి తరంగదైర్ఘ్యాలు, నానోమీటర్లలో.

పనితనం కనిపించేది రంగు కలిపే చోట. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కడిగి, కొలత పళ్లెంలోని ప్రతి గుంతలోనూ ఒకే సాంద్రత ఉండేలా సర్దుతారు. లేకుంటే మెరుపు ఎక్కువగా ఉన్నది కొవ్వు వల్లో, కణాల సంఖ్య వల్లో చెప్పలేం. రంగు వేయకముందే ఒకసారి రీడింగ్ తీస్తారు. కణాలకు సొంత వెలుగు కొంత ఉంటుంది కాబట్టి దాన్ని తీసివేయాలి. ఈస్ట్ గోడ మందం. రంగును సులువుగా లోపలికి రానివ్వదు. అందుకని డీఎంఎస్ఓ అనే ద్రావకం సాయం తీసుకుంటారు. ఒక రకంలో వెలుగు త్వరగా పతాకస్థాయికి చేరి తగ్గిపోతుంది, ఇంకో రకంలో నింపాదిగా పెరుగుతుంది. ఒక్క క్షణంలో చూసి తీర్పు చెబితే నిదానంగా వెలిగేదానికి అన్యాయం జరుగుతుంది. అందుకే కొన్ని నిమిషాలపాటు వరుసగా కొలుస్తారు.

రంగును చూసి పరిమాణం చెప్పే ఈ విద్యలో మన పెద్దాయన ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. మాలిబ్డేట్ చేర్చి, ఫాస్ఫరస్ ఎంతుంటే అంత చిక్కటి నీలం రప్పించడమే అందులోని కిటుకు. ఫాస్ఫోలిపిడ్లను లెక్కకట్టడానికి ఆ పద్ధతీ, దాన్ని సవరించి చేసిన రూపాలూ దశాబ్దాలుగా పనికొచ్చాయి. సుబ్బారావు రంగు ఫాస్ఫరస్‌తో రసాయన చర్య జరిగి పుడుతుంది. నైల్ రెడ్ కొవ్వులో కరిగి వెలుగుతుంది. రెండింటికీ చివర కావలసింది ఒకటే: ఎంత రంగుకు ఎంత పదార్థమో చెప్పే కొలగీత.

ఆ గీత దానంతటదే రాదు. కొన్ని నమూనాలను రంగుతోనూ, పాత తూకంతోనూ కొలిచి జత కలపాలి. ఒక ఈస్ట్‌కు గీసిన గీత ఇంకోదానికి సరిపోకపోవచ్చు, కనుక మళ్లీ తూచాలి. వీటన్నిటికన్నా నాకు ముచ్చటైన సరిచూపు మరొకటుంది. నిల్వ కొవ్వును తయారుచేసే నాలుగు జన్యువులను తొలగించిన రొట్టె ఈస్ట్ ఒకటుంది. దానిలో కొవ్వు బొట్లే కట్టవు. దానికీ ఇదే రంగు పట్టించి మిగతావాటి పక్కన పెడతారు. అందులో బంగారు చుక్కలు కనిపిస్తే రంగు అబద్ధమాడుతున్నట్టే. జాగ్రత్తగల పనివాడు మెరిసే కణాలను చూసి మురిసిపోయే ముందు, మెరవకూడనిది మెరవడం లేదు కదా అని ఆ గుంతలోకి తొంగి చూస్తాడు.