తడిపిండి ఆగదు

సంక్రాంతి దగ్గరపడితే జనగామలో పిండి గిర్ని ముందు గిన్నెలు వరస కడతాయి. వానాకాలం పంట కోసి పట్టించిన కొత్త బియ్యం అప్పటికి ఇళ్లకు చేరి ఉంటుంది. దాన్ని రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వడగట్టి, చెమ్మ ఆరకముందే గిర్నికి తెస్తారు. పండుగ పిండివంట సకినాలకు పిండి తడిగానే పట్టించాలి. పొడిపిండితో చుడితే విరుగుతుంది, కాలాక గట్టిపడుతుంది.

ఆ తడిపిండి రేపటిదాకా ఆగదు, పులుస్తుంది. పట్టించిన రోజే చుట్టాలి, చుట్టిన రోజే గోలించాలి. ఐదు కిలోల బియ్యమంటే ఒక్క మనిషికి నడుం పడిపోయే పని. అందుకే వాడకట్టు ఆడవాళ్లంతా ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో కూర్చుంటారు. నాట్లకు, కలుపుకు బదలు పోయే ఊళ్లలో సకినాలకూ బదలు నడిచింది. పండుగ ముచ్చట్ల కోసం కూడేవారని చాలామంది అంటారు గానీ, ముందు వాళ్లను ఒక్కచోటికి తెచ్చింది ఆ పిండేనని నా నమ్మకం.

దినుసులు నాలుగే. నాలుగు పాళ్ల బియ్యానికి ఒక పాలు నువ్వులు, కొంచెం వాము, ఉప్పు. మిగతాదంతా వేళ్ల పని. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. లాగితే తెగుతుంది. కాబట్టి గుప్పిట్లో ముద్ద పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి కొద్దికొద్దిగా వదులుతూ మెలి తిప్పుతారు. ఆ మెలి వల్లే సన్నటి పోగు తెగకుండా నిలుస్తుంది. పరిచిన బట్ట మీద మధ్యలో చిన్న సున్న, దాని చుట్టూ మూడో నాలుగో వరసలు, ఒకదాన్నొకటి ఆనుకుని. చేయి తిరిగినవాళ్లు బట్ట వైపు చూడను కూడా చూడరు. మాటలు కోడలి మీదో, పత్తి ధర మీదో నడుస్తుంటాయి, వేళ్లు తిరుగుతూనే ఉంటాయి. ముందుగా పిండితోనే గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి బట్ట మీద కూర్చోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

పాత ధోవతో, నూలు దుప్పటో పరిచేది ఊరికే కాదు. చుట్టిన సకినంలోని నీటిని కొంత ఆ బట్ట పీల్చుకుంటుంది. వెంటనే తీస్తే చేతిలోనే విడిపోతుంది. "ఆగు బిడ్డా, బట్ట తాగనియ్యి" అని మా పెద్దమ్మ పిల్లల చేతులు ఆపేది. బట్ట తాగినంత తాగాక, మిగిలిన నీటిని నూనె వెళ్లగొడుతుంది. మంట మరీ ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల మెత్తగా మిగులుతుంది. తక్కువైతే నూనె పీలుస్తుంది. మంచి సకినం తెల్లగానే ఉండి, పట్టుకుంటే విరుగుతుంది. డబ్బాలో పెడితే వారాల తరబడి కరకరలాడుతుంది.

ఇలా తడి తీసి నిలవ ఉంచే పద్ధతి ఇటలీలోనూ ఉంది. అక్కడి ప్రాటో పట్టణం బాదం బిస్కోటీకి పేరుపడింది. పొడవాటి పిండిముద్దను ఒకసారి కాల్చి, వేడి మీదే ముక్కలు కోసి, మళ్లీ కాలుస్తారు. నీరు పోయాక నిలవకు తిరుగుండదు. అక్కడ దాన్ని తియ్యటి ద్రాక్షసారాయిలో ముంచి తింటారు, మనం సకినాన్ని చాయ్‌తో తింటాం. తడిని రెండు విడతల్లో తీయాలన్న తెలివి మాత్రం రెండు చోట్లా ఒక్కటే. అయితే ఓవెన్ ఉంటే బిస్కోటీ ఒక్కరే చేసుకోవచ్చు. సకినం ఒంటరిగా చేస్తే సగం పనిలోనే విసుగొస్తుంది.

జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకు ముందు మూడూ వరంగల్ జిల్లాలోవే, సకినం విషయంలో ఇప్పటికీ ఒక్కటే. భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనూ, మానుకోట పల్లెల్లోనూ కూతురికి సారె పెట్టాలంటే సకినాలు ఉండాల్సిందే. ఇప్పుడు చాలా ఇళ్లు కిలోల లెక్కన కొనుక్కుంటున్నాయి. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. పొయ్యి దగ్గర ఉచితంగా అరిగిపోయిన చేతులకు కూలి దక్కుతోంది, అది న్యాయం. నా బాధంతా వేరే. ఆ చుట్టే చేతులన్నీ పెద్దవాళ్లవే. కొనే ఇళ్లలో పిల్లల వేళ్లకు ఆ మెలి పరిచయమే కావడం లేదు. మగపిల్లల్నైతే ఎన్నడూ బట్ట దగ్గర కూర్చోనివ్వనే లేదు. మెలి వేళ్లకు అందేది పక్కన కూర్చుంటేనే. పుస్తకంలో చదివితే రాదు, వీడియో చూసినా పిండి పదును చేతికి తెలియదు.

ఈ పండుగకు ఒక్క కిలో బియ్యం నానబోయండి. గిర్నిలో తడిపిండని ముందే చెప్పండి. జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ పిసకండి. పదును కుదిరిందో లేదో పక్కింటి ముసలమ్మను పిలిచి అడగండి. ఇంట్లో కొడుకుంటే వాణ్ని బట్ట దగ్గర కూర్చోబెట్టి, మొదటి ముద్ద వాడి చేతికే ఇవ్వండి.