బీడు అనే మాటతో మన పేచీ

తెలుగు పాఠాల్లో, కవితల్లో బీడు అంటే పనికిరాని నేల. ఎండిన బతుక్కీ, ఆశ చచ్చిన మనసుకీ అదే పోలిక. మైదానంలో ఆ పోలిక చెల్లుతుందేమో. పోడు చేసే కొండవాళ్లం దాన్ని అలాగే అప్పజెబితే మన పెద్దల వ్యవసాయంలో సగాన్ని మనమే కొట్టిపారేసినట్టు.

రెండు మూడేళ్లు సామలు, చోళ్లు, కందులు పండించి పోడు వదిలేస్తాం. వదిలిన నేల ఊరికే ఉండదు. నరికేటప్పుడు ఉంచిన మోళ్లు చిగురిస్తాయి. వేళ్లు లోతునుంచి సత్తువ లాగుతాయి, రాలిన ఆకు దాన్ని పైమన్నుకు చేరుస్తుంది. నీడ పడ్డచోట కలుపు చస్తుంది. ఎరువుకూ కలుపుమందుకూ పెట్టాల్సిన డబ్బు మిగులుతుంది. ఆ తుప్పల్లోనే కొండచీపురు, అడ్డాకు, దుంపలు, వంటచెరకు దొరుకుతాయి. సంతలో అవి డబ్బే. పంట దిగుబడి లెక్కలో మాత్రం కనపడవు.

ఫిలిప్పీన్స్‌లోని మిండోరో దీవిలో హనునూ ప్రజల పోడు గురించి హెరాల్డ్ కాంక్లిన్ రాసిన పుస్తకాన్ని 1957లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించింది. చోటు ఎంచడం, నరకడం, కాల్చడం, పండించడం తర్వాత నేలను వదలడాన్ని కూడా ఆయన పోడులో ఒక దశగానే చూశాడు. అదే ఏడాది అదే సంస్థ ఉష్ణమండల దేశాల్లో సాగు పెరగడానికి పోడే పెద్ద అడ్డంకి అని ప్రకటించింది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ వినపడేది ఆ రెండో మాటే.

మన వైపు కష్టాన్నీ దాచకూడదు. పదేళ్ల విరామం మూడేళ్లకు కుదిరితే మోళ్లు తేరుకోవు, గడ్డి కమ్ముతుంది, వానకు మన్ను కొట్టుకుపోతుంది. రిజర్వు అడవి హద్దులు ఒకపక్క, పెరిగిన కుటుంబాలు మరోపక్క ఆ గడువును కోసేశాయి. గడువు దక్కని పోడును చూసి పోడంతటినీ తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇది మాటల తగువు మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొలతకు వచ్చినవాళ్లు పైరున్న చెక్కనే చూస్తే, ఆరేళ్ల తుప్ప పెరిగిన చెక్క మన చేయి జారిపోతుంది. ఉన్న ఒక్క చెక్కనే ఏటా దున్నాల్సి వస్తుంది.

అందుకే పంతుళ్లను, చదువుకున్న పిల్లలను ఒకటి కోరుతున్నాం. నిరుడు వదిలిన పోడును మీ భాషలో ఏమంటారు? ఐదేళ్లయినదాన్ని? పదేళ్లయినదాన్ని? పెద్దలను అడిగి, ఏ చెక్క ఎవరు ఎప్పుడు వదిలారో కూడా రాయండి. పెద్దలు చెప్పగా రాసుకున్న మాట ఆ చట్టం నియమాల్లో సాక్ష్యంగా చెల్లుతుంది.