నాలుగు ఆదివారాల ఎదురుచూపు

పండగ చేసుకోవడం అందరికీ వచ్చు. పండగ కోసం ఆగడం నేర్పే ఆచారాలు తక్కువ. క్రైస్తవుల ఆగమన కాలం అలాంటి వాటిలో ఒకటి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలమిది. నవంబరు 30 అపొస్తలుడైన అంద్రెయ స్మారక దినం. దానికి ఏ ఆదివారం దగ్గరగా పడితే అదే తొలిరోజు. కాబట్టి ఈ కాలం నవంబరు 27కు ముందు మొదలవదు, డిసెంబరు 3 దాటి మొదలవదు. ఏడాదిని బట్టి 22 నుంచి 28 రోజులు ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల చుట్టుపక్కల అవి వరి కోతలు, నూర్పుల రోజులు. వలస వెళ్లినవాళ్లు పండక్కి ఎప్పుడొస్తారోనని ఇళ్లలో లెక్కలు మొదలయ్యేదీ అప్పుడే. విశాఖ, హైదరాబాద్, చెన్నై పనులకు వెళ్లేవాళ్లు, గుజరాత్‌లోని వెరావల్ నుంచి చేపల వేటకు పోయేవాళ్లు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. 2018 చివర్లో అలా వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మత్స్యకారులు 2020 జనవరికి గానీ ఇళ్లకు చేరలేదు. ఎదురుచూపు అంటే ఏమిటో ఈ తీరంలో ఏ మతం వాళ్లకూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆగమన కాలం ఆ ఎదురుచూపుకు ఒక వరస పెడుతుంది. ఏ వారం ఏ పని చెయ్యాలో, ఏది ఎప్పటిదాకా ముట్టకూడదో చెబుతుంది.

ఉత్తరాంధ్రకు క్రైస్తవం ఒక్క దారిన రాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. 1846లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చారు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు, 1880ల్లో సాలూరు వైపు జర్మన్ లూథరన్లు అడుగుపెట్టారు. శ్రీకాకుళం కతోలిక పీఠం 1993లో ఏర్పడింది. అందుకే డిసెంబరు నడక ఒక్కో గుడిలో ఒక్కోలా ఉంటుంది. కతోలికులు, లూథరన్లు ఆగమన కాలాన్ని పంచాంగం చూసినట్టు వారాల వారీగా పాటిస్తారు. బాప్టిస్టు సంఘాల్లో ఆ పేరు అంతగా వినపడదు. కుటుంబ ప్రార్థనలు, ఇంటింటికీ తిరిగి పాడే పాటలే వాళ్లకు ఆ నెల.

ఈ కాలపు పనిముట్లలో బాగా తెలిసింది నాలుగు కొవ్వొత్తుల వలయం. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాదిరి, తాను నడిపే పేదపిల్లల ఆశ్రమంలో బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. క్రిస్మస్ ఇంకెన్నాళ్లని పిల్లలు అడుగుతుంటే రోజులు లెక్కపెట్టుకోవడానికి చేసిన ఏర్పాటది. మామూలు రోజులకు చిన్న ఎర్రవి, ఆదివారాలకు పెద్ద తెల్లవి. తర్వాత్తర్వాత చిన్నవి పోయి నాలుగే మిగిలాయి. ఇప్పుడు ఎక్కువగా మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీ రంగుది పెడుతున్నారు. నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ అని వాటికి పేర్లు కూడా ఉన్నాయి.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. వెదురు బద్దను వంచి చుట్టలా కట్టి, దాని చుట్టూ సరుగుడు రెమ్మలు అల్లుకోవాలి. తీరం పొడవునా సరుగుడు తోటలే కాబట్టి పచ్చదనానికి కొదవ లేదు. రెమ్మలు మాత్రం వారం వారం మార్చాలి, ఎండితే నిప్పు ఇట్టే అంటుకుంటుంది. మొదటి ఆదివారం ఒక్క ఊదా వత్తి వెలిగిస్తారు. రెండో ఆదివారం దాన్నే మళ్లీ వెలిగించి, పక్కదాన్ని కలుపుతారు. గులాబీ రంగుది మూడో వారానిది. సగం దారి గడిచింది, కాస్త సంతోషించమని దాని అర్థం. నాలుగో ఆదివారానికి నాలుగూ వెలిగేటప్పుడు చూస్తే మొదటిది బాగా కరిగిపోయి ఉంటుంది, చివరిది నిండుగా నిలబడి ఉంటుంది. గడిచిన వారాలు మెట్లమెట్లుగా కళ్లకు కనిపిస్తాయి.

రెండో పని నక్షత్రం. బజారులో ప్లాస్టిక్ స్టార్లు వచ్చాక చేత్తో కట్టేవాళ్లు తగ్గారు గానీ, పద్ధతి తేలికే. ఒకే పొడవున్న పది వెదురు బద్దలు తీసుకుని, ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టాలి. రెంటినీ ఒకదానిమీద ఒకటి ఉంచి ఐదు కొసల దగ్గర దారంతో బిగించాలి. ఆ తర్వాత లోపలి ఐదు మూలల్లో ఐదు పొట్టి పుల్లలు అడ్డంగా దూర్చితే నడుము ఉబ్బి, బల్బు పట్టేంత చోటు ఏర్పడుతుంది. మైదా ఉడికించిన జిగురుతో గాలిపటం కాగితం అతికించాలి. ఒక మూల అతికించకుండా వదలాలి, లేకపోతే బల్బు మార్చే దారుండదు.

ఈ కాలపు అసలు నేర్పు ఆపి ఉంచడంలో ఉంది. కతోలిక గుడుల్లో ఆగమన ఆదివారాల పూజలో మహిమ గీతం పాడరు. క్రిస్మస్ రాత్రి దాన్ని మళ్లీ ఎత్తుకుంటారు. యేసు పుట్టుకను చూపే పశువుల పాకదీ అదే లెక్క. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ తొలిసారి ఈ పాక కట్టించాడంటారు. పాక, పశువులు, గొల్లలు ముందే సిద్ధమైనా తొట్టి ఖాళీగానే ఉంటుంది. కొన్ని ఇళ్లలో పిల్లలు చేసిన ఒక్కో మంచి పనికి ఒక్కో గడ్డిపరక ఆ తొట్టిలో వేస్తారు. కోతలైన ఊళ్లో గడ్డికి వెతుక్కోవాల్సిన పనేముంది! బాలయేసు బొమ్మను పండగ రాత్రి పడుకోబెడతారు.

సాయంత్రం వత్తి వెలిగించాక ఒక వాక్యం చదివి, ఒక కీర్తన పాడుకుంటే కుటుంబ ప్రార్థన పూర్తవుతుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పల్లవి, చరణాల కట్టడిలో రాసిన ఆ పాటలు హార్మోనియం లేని ఇంట్లో కూడా చేతితాళంతో సాగుతాయి.

ఇప్పుడు డిసెంబరు మొదటి వారానికే, పండగకు ముందు చేసుకునే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతున్నాయి. కేకులు, సౌండు బాక్సులు, బిర్యానీ పొట్లాలు అన్నీ ముందే అయిపోయి, అసలు పండగ నాటికి జనం అలిసిపోతున్నారు. సెమీ క్రిస్మస్‌లు వద్దని కాదు. నలుగురు కలవడం మంచిదే. ఇంట్లో మాత్రం కొన్ని పనులు ఆపి ఉంచుకోవచ్చు. కొత్త బియ్యంతో అరిసెల పాకం, తొట్టిలో బొమ్మ పెట్టడం, నక్షత్రానికి చివరి కాగితం వంటివి ఊరు చేరేవాళ్ల కోసం మిగల్చాలి. అన్నీ ముగిసిపోయిన ఇంటికి 23న బస్సు దిగి వచ్చే కొడుకు చుట్టంలా వచ్చి పోతాడు. తన వంతు పని మిగిలి ఉంటే, వచ్చీ రాగానే చొక్కా చేతులు మడుచుకుని ఇంటి మనిషి అయిపోతాడు.