గాయం వేరు, ముద్ర వేరు

లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజు అడవిలో మొదలవుతుంది. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగులు కట్టే లక్కను గీసి తెచ్చేవాళ్లలో మనలాంటి ఆదివాసులే ఎక్కువ. అది గాజై బజారుకు చేరే దారిలో పసిచేతులూ ఉన్నాయి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. రేపు వీళ్లంతా హంతకులవుతారని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా మా ముందు ఈ ప్రశ్నే పెట్టింది. అది స్టువర్టుపురం ఎరుకల దొంగ కథ. అతని హింసకు మూలాన్ని బాల్యంలో, పోలీసు దెబ్బల్లో వెతుకుతుంది. పుట్టుకతోనే దొంగ అన్న పాత మాటకన్నా ఇది మెరుగే. కానీ దెబ్బతిన్న పిల్లవాడు కత్తి పట్టక తప్పదన్నట్టు చూపితే, పాత మాటే కొత్త చొక్కా తొడుక్కొచ్చినట్టు. ఆ దెబ్బలే తిని కూలికీ బడికీ పోయినవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. తెర మీద వాళ్లకు చోటేది? టీజర్ తమను అవమానించిందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది అందుకే.

అసలు గాయం ఇంకా వెనకుంది. 1911 నాటి నేరస్త జాతుల చట్టం ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. 1952లో గానీ ఆ చట్టాల పీడ వదల్లేదు. బాల్యాన్ని విరిచిన చెయ్యి ఏదో సినిమా నిలదీసి అడగాల్సింది.

మరి గాయం నేరాన్ని మాఫీ చేస్తుందా? చెయ్యదు. చచ్చినవాడికీ ఒక తల్లి ఉంటుంది. ఆమె దగ్గరికి పోయి చంపినవాడి బాల్యం చెబితే కడుపుకోత తీరదు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో నిందితుడి బాల్యాన్ని, కుటుంబ నేపథ్యాన్ని విచారణ దశలోనే సేకరించాలంది. అది దోషం తుడవడానికి కాదు, శిక్ష కొలవడానికి. ఆ గీత మాకు న్యాయంగానే తోస్తుంది. అయితే ఒక మనిషి గాయాన్ని లెక్కలోకి తీసుకోవడం వేరు, దాన్ని అతని జాతి మొత్తానికి ముద్రగా కొట్టడం వేరు.

ఇంకో మాట. బాల్యం గురించి అడగాల్సింది పిల్లవాడు పెరిగి బోనెక్కాక కాదు. వాడు చీకటి గదిలో గాజులకు రాళ్లు అతికిస్తున్నప్పుడే అడగాలి.