సాహిత్యం వాళ్ళకి, సంస్కృతి మనకి

డిగ్రీలో చేరే మన పిల్లల్లో తెలుగో, భాషాశాస్త్రమో, మానవశాస్త్రమో చదువుతామనేవాళ్ళు బహు తక్కువ. "అది చదివితే ఏమొస్తుంది సార్?" అంటారు. ఉద్యోగం మాట నిజమే, కాదనను. కానీ ఆ శాఖల్లో మన గురించి ఏం చదువుతున్నారో మనం చూడకపోతే, వాళ్ళు రాసిందే మన చరిత్ర అవుతుంది.

మా ముత్తుకూరు నుంచే చూడండి. ఊళ్ళో చేపల శాస్త్రం చెప్పే కళాశాల ఉంది. కాకుటూరులో 2008లో పుట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు నుంచి నెల్లూరు జిల్లాకే వచ్చింది. తిక్కన నెల్లూరివాడే. చేపకీ, భాషకీ, కావ్యానికీ ఇన్ని తావులున్న చోట, ఉప్పుటేట్లో చేత్తో తడిమి చేపను పట్టే యానాది మాటకు మాత్రం బెంచీ లేదు.

మన మీద పుస్తకాలు లేక కాదు. 1901లో రంగారావు నెల్లూరు యానాదుల మీద మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో రాశాడు. 1909లో థర్‌స్టన్ ఏడో సంపుటంలో మనల్ని ఎక్కించాడు. ఆయన మనుషుల తలలూ ముక్కులూ కొలిచి జాతులను లెక్కగట్టినవాడు. 1962లో వెన్నెలకంటి రాఘవయ్య 'ది యానాదీస్' వచ్చింది. రాఘవయ్య యానాదుల కోసం పనిచేసిన మనిషి, ఆ తేడా పుస్తకంలో తెలుస్తుంది. అయినా మూడూ ఇంగ్లీషులోనే. మన తిండి, పెళ్ళి, చావు, మందుమూలికలు — అన్నీ బయటివాళ్ళకు చెప్పడానికే. యానాది కథ చెప్తే దాన్ని కథగా చదివి, ఎక్కడ బాగుంది, ఎక్కడ తేలిపోయింది అని మాట్లాడేవాళ్ళు కరువు. అదీ పేచీ. తిక్కన రాస్తే సాహిత్యం, మనం చెప్తే 'ఆచార వ్యవహారాలు'.

ఈ 'గిరిజన' అనే మాట చూడండి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, మంచిదే. కానీ మా వైపు గిరి ఏది? ఉన్నది సముద్రం, బకింగ్‌హాం కాలవ, రొయ్యల గుంటలు. ఆగస్టు 9 వస్తే మన పిల్లలకు ఈకలు కట్టి ధింసా ఆడిస్తారు. ధింసా అరకుది! ఆ పిల్లల తాతలు ఎన్నడూ ఆడనిది. సంస్కృతి అంటే వేదిక మీద చూపించేది అనుకుంటే ఇట్లాగే ఉంటుంది.

భాష దగ్గర ఇంకా చిక్కు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తిని వాడుక తెలుగు కోసం తలుచుకుంటాం. ఆయన సవరల దగ్గర సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడని ఎంతమంది టీచర్లు పిల్లలకు చెప్తున్నారు? 2003 తర్వాత సవర, కువి, కోయ, గోండి వంటి 8 భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. యానాదులకు రాలేదు, మనది తెలుగే గనక. సరే, తెలుగే. మరి మన పిల్ల బడిలో 'ఎండ్రకాయ' అంటే 'పీత' అని దిద్దేదెందుకు? పుస్తకం ఇవ్వాల్సి వచ్చినప్పుడు మనది తెలుగు, మార్కులు వేసేటప్పుడు కాదు. ఎండ్రకాయ నెల్లూరంతా అనే మాటే. రెడ్ల పిల్లాడు అంటే మాండలికమంటారు, మన పిల్లాడు అంటే తప్పంటారు.

విశ్వవిద్యాలయం చేయగలిగింది చాలా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు పోగుచేసి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చారు. ఆ దారిలోనే ఎం.ఏ. చదివే మన పిల్ల ఒకతె ఉప్పుటేటి మాటలు పట్టుకోవచ్చు. పోటు, పాటు, బురద రకాలు, ఏ నీటికి ఏ చేప వస్తుంది, ఎలుక బొక్కకు పొగ ఎట్లా పెడతారు. రేవు, కరెంటు ఫ్యాక్టరీలు వచ్చాక ఏట్లోకి దిగేవాళ్ళు తగ్గారు. దిగకపోతే ఆ మాటలతో పనిలేదు, పనిలేని మాట ఒక తరంలో పోతుంది. అందుకని ముందు ముసలమ్మల దగ్గరికి పోవాలి, లైబ్రరీకి తర్వాత. చెప్పిన మనిషి సరేనంటే ఆమె పేరు సిద్ధాంత వ్యాసంలో మొదటి పేజీలోనే రాయాలి. రాసింది సంఘంలో చదివి వినిపించాలి. వాళ్ళు "ఇది కాదమ్మా" అంటే దిద్దుకుని, అప్పుడు గైడుకు ఇవ్వాలి.